నరముల జబ్బును ఎండ బాగుచేయునా?



ఆ మధ్య మోస్రాలో ఆదివారపు ఆరాధన ముగిసి, అందరు చాపలు చుట్టుచుండగా ఒక పెద్దమ్మ మా దగ్గరకు వచ్చినది. కొంగు ముడి విప్పి, చిన్న మందు పొట్లమొకటి మా చేతిలో పెట్టినది. "అయ్యగారూ, ఇసొంటియి ఇంట్ల ఇంక నాలుగున్నయి. తాగియ్యాల్నా, పారెయ్యాల్నా? ఇంకొక్క మాట. నా బిడ్డకు వచ్చిన రోగం మనుమరాండ్లకు గూడ వస్తదా? సక్కగ చెప్పుండ్రి" అని అడిగినది. ఆ పొట్లము చూడగానే మా ముఖము చిన్నబోయినది. ఎందుకో కొంచెము ఆగి చెప్పెదము. ఆ తల్లికి ఆ దినము మేము సగము జవాబే ఇయ్యగలిగినాము. మిగిలిన సగము కొరకు నిజామాబాదులో మాకు పరిచయమున్న డాక్టరు గారి దగ్గర రెండు సాయంత్రములు కూర్చున్నాము, ఆయన ఇచ్చిన కాగితములు చదివినాము. ఈ నెల మన శీర్షిక ఆ సంగతియే.

ఆ తల్లి కూతురు మన సంఘపు సహోదరియే. పేరు వ్రాయము. వ్రాయుటకు మాత్రము ఆమె ఒప్పుకొన్నది. "రాయుండ్రి అయ్యగారు, ఇంకొకరికన్న తెలుస్తది" అన్నది. వయసు ముప్పది దాటినది. ఇద్దరు ఆడపిల్లలు. భర్త గల్ఫులో ఉన్నాడు. ఆమె ఇంటిలో బీడీలు చేయును. నాలుగేండ్ల క్రిందట ఆమె ఎడమ కన్ను మసకబారినది. కన్ను త్రిప్పితే నొప్పి. ఎర్రచీర ఉతికి ఉతికి వెలిసినట్టు కనబడుచున్నదని చెప్పినది. మేము మూడు వారములు ఆ యింట ప్రార్థన చేసినాము. నాలుగవ వారమునకు కన్ను తేటపడినది. సంఘములో గొప్ప సంతోషము. ఆమెను నిలువబెట్టి సాక్ష్యము చెప్పించినాము. మరి రెండు ఊళ్ల కూడికలలో మేమే చెప్పినాము. దేవుడు ఆమెకు చూపు దయచేసినాడని మేము ఇప్పటికిని నమ్ముదుము. కాని మేము అంతటితో ఆగలేదు. జబ్బు వేళ్లతో సహా పోయినది, ఇక డాక్టరు అక్కర లేదని కూడా అన్నాము. ఆ మాట దేవుడు మాకు చెప్పలేదు. మేమే కలిపినాము.

పదునాలుగు నెలలకు ఆమె కాళ్లు తిమ్మిరి పట్టినవి. అరికాలి నుండి నడుము దాకా ఎక్కినది. చెప్పు జారిపోయినా తెలియదు. మెడ వంచితే వీపు వెంట కరెంటు కొట్టినట్టగును. ఊరిలో కొందరు గాలి సోకినదన్నారు. తాయెత్తు కట్టించుమన్నవారు ఉన్నారు. అంతకంటె బాధాకరమైనది మరొకటి జరిగినది. మన జిల్లాలో కాలు మొద్దుబారినదంటే పెద్దవారికి మొదట తట్టునది ఒకటే రోగము. నీళ్ల దగ్గర, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పు దగ్గర ఆడవారు ఆమె పక్క నుండి జరుగనారంభించినారు.

డిచ్‌పల్లి సంగతి మీకు తెలిసినదే. 1915లో ఇసబెల్ కెర్ అను స్కాట్లాండు దేశపు మెథడిస్టు వైద్యురాలు అక్కడ కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి మొదలుపెట్టినది. నర్సాగౌడ్ అను హిందూ దాత దానికి పెద్ద సాయము చేసినాడు. అప్పుడు చాల్‌మూగ్రా నూనెను సూది ద్వారా ఎక్కించెడివారు. ఎంతో దూరము నుండి రోగులు ఆ సూది కొరకు నడిచి వచ్చినారు. ఆ నూనె కొందరికి కొంత మేలు చేసినది, కాని రోగమును నిర్మూలము చేసినది అది కాదు. 1940ల తరువాత వచ్చిన డాప్సోను బిళ్లలు, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కలగలుపు మందులు ఆ పని చేసినవి. ఈ మాట ఇక్కడ ఊరకనే వ్రాయలేదు. మేలు చేయునట్టు కనబడు ఒక వస్తువు, పూర్తిగా బాగుచేయు మందు – ఈ రెండు ఒకటి కావని మన జిల్లా ఒకసారి కండ్లార చూచినది.

సహోదరికి కుష్ఠు పరీక్ష చేసినారు, లేదని తేలినది. నిజామాబాదు నుండి హైదరాబాదుకు పంపినారు. మెదడుకు, వెన్నుకు ఎం.ఆర్.ఐ. స్కానింగు తీసి, నడుము దగ్గర నీరు తీసి పరీక్షించి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పినారు. ఆ తల్లికి ఆ పేరు నోరు తిరుగదు. "మల్టీ రోగం" అనును. మనము ఎం.ఎస్. అందము.

రైతులకు దీనిని చెప్పుట సులువు. బోరు మోటారుకు పోవు వైరు మీద రబ్బరు తొడుగు ఉండును గదా. ఎలుక ఆ తొడుగును అక్కడక్కడ కొరికినదనుకొనండి. స్టార్టరు బాగున్నది, మోటారు బాగున్నది, అయినను నీళ్లు ఒకప్పుడు వచ్చును, ఒకప్పుడు రావు. మన మెదడులోను వెన్నుపాములోను ఉన్న నరపు పోగులకు మైలిన్ అను కొవ్వు తొడుగు కలదు. మన శరీరమునకు కాపలా కాయవలసిన తెల్లకణములు శత్రువు ఎవరో తప్పుగా ఎంచి ఆ తొడుగు మీద పడుట ఈ జబ్బు. కంటి నరము మీద పడితే చూపు మసకబారును, వెన్ను మీద పడితే కాళ్లు. దాడి చల్లారినప్పుడు వాపు తగ్గి, తొడుగు కొంత మరల కట్టుకొనును. అందుచేత మందు లేకున్నను తొలిసారి చాల మందికి చూపు తిరిగి వచ్చును. మేము సాక్ష్యము చెప్పించినది సరిగా ఆ విరామములోనే.

ఇది క్రొత్త రోగము కాదు. ఇంగ్లాండు రాజు మూడవ జార్జి మనుమడు అగస్టస్ డెస్టే అనువాడు తన జబ్బు సంగతి దినచర్య పుస్తకములో వ్రాసికొనెను. 1822లో స్కాట్లాండుకు పోయి ఒక ఆప్తుని సమాధి కార్యక్రమములో పాల్గొన్న తరువాత ఆయన చూపు మసకబారినది. వైద్యమేమియు లేకుండనే తిరిగి వచ్చినది. మరల పోయినది. తరువాత కాళ్లు. 1848లో చనిపోవునప్పటికి ఆ జబ్బుకు పేరే లేదు. 1868లో పారిసు నగరములో షార్కో అను వైద్యుడు దీనిని వేరు జబ్బుగా గుర్తించి వర్ణించినాడు. రాజు మనుమడికి, మోస్రా బీడీ కార్మికురాలికి ఒకే వరుస – ముందు కన్ను, తరువాత కాళ్లు. ఇరువది నుండి నలుబది ఏండ్ల మధ్య ఎక్కువగా మొదలగును. మగవారి కంటె ఆడవారికి రెండు మూడింతలు వచ్చును.

మన దేశములో ఇటువంటి లక్షణములతోనే మరొక జబ్బు కలదు, న్యూరోమైలైటిస్ ఆప్టికా అందురు. దానికి వేరే రక్తపరీక్ష ఉన్నది. ఎం.ఎస్.కు ఇచ్చు కొన్ని మందులు దానిని ఇంకా పెంచును గనుక నరముల వైద్యుడే తేల్చవలెను.

ఇప్పుడు ఎండ సంగతి.

ఎం.ఎస్. భూమధ్యరేఖకు దూరమైన చలి దేశములలో ఎక్కువ, ఎండ దేశములలో తక్కువ అని చాల కాలము క్రిందటనే గమనించినారు. ప్రపంచములో సుమారు 29 లక్షల మంది ఈ జబ్బుతో ఉన్నారని 2023 లెక్క. కెనడాలోను, ఉత్తర ఐరోపాలోను లక్షకు వందకు పైబడి ఉండగా, మన దేశములో లక్షకు పది, ఆ చుట్టుపక్కల. మనము భూమధ్యరేఖకు ఉత్తరముగా 18½ డిగ్రీల దగ్గర ఉన్నాము. నార్వే దేశములో 1950 ప్రాంతములో చూడగా మరొక విచిత్రము కనబడినది. సముద్రపు ఒడ్డున చేపలు పట్టి తినేవారికి ఈ జబ్బు తక్కువ, లోపలి వ్యవసాయపు ఊళ్లలో ఎక్కువ. ఎండ ఇద్దరికి తక్కువే. మరి తేడా ఏమి? కొవ్వు గల సముద్రపు చేపలలో డి విటమిను సమృద్ధిగా ఉండును. 1974లో గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఈ రెంటిని ముడివేసి, డి విటమిను కొరతయే ఈ జబ్బుకు మార్గము తెరచుచున్నదేమో అని వ్రాసినాడు.

ఆ మాటకు గట్టి బలము 2006లో వచ్చినది. అమెరికా సైన్యములో 70 లక్షలకు పైగా మంది రక్తపు నమూనాలు భద్రపరచి ఉన్నవి. వారిలో తరువాత ఎం.ఎస్. వచ్చిన 257 మంది పాత రక్తమును తీసి చూచినారు. తెల్లవారిలో, డి విటమిను అందరి కంటె ఎక్కువ ఉన్న ఐదవ వంతు వారికి, అందరి కంటె తక్కువ ఉన్న ఐదవ వంతు వారి కంటె జబ్బు నూటికి 62 వంతులు తక్కువగా వచ్చినది. నల్లవారిలో ఆ తేడా స్పష్టముగా కనబడలేదు. మన వర్ణము వారు ఈ సంగతి మరువరాదు. 2015లో మరొక విధముగా చూచినారు – పుట్టుకతోనే డి విటమిను తక్కువగా ఉండు జన్యువులు గలవారికి ఈ జబ్బు ఎక్కువగా వచ్చుచున్నదని తేలినది. కనుక ఇది కేవలము కాకతాళీయము కాదు.

అయితే 2022లో అదే సైన్యపు రక్తమును, ఈసారి కోటి మందికి పైగా, పరీక్షించి ఇంకొక పెద్ద సంగతి బయటపెట్టినారు. ఎప్‌స్టైన్ బార్ అను వైరసు సోకిన తరువాత ఎం.ఎస్. వచ్చు అవకాశము 32 రెట్లు పెరుగుచున్నది. లోకములో పెద్దవారిలో నూటికి తొంబది మందికి పైగా ఆ వైరసు ఎప్పుడో ఒకప్పుడు సోకినవారే. వారిలో వేలలో ఒకరికి గూడ ఎం.ఎస్. రాదు. అనగా వైరసు ఉండవలెను, పుట్టుకతో వచ్చిన స్వభావము ఉండవలెను, డి విటమిను కొరత, పొగ త్రాగుట, చిన్ననాటి స్థూలకాయము వంటివి తోడు కావలెను. చెరుకు తోటకు నిప్పంటుకొనుటకు ఎండిన ఆకు ఒక్కటియే చాలదు, ఎండిన ఆకు లేకుండ అంత తేలికగా అంటుకొనదు.

ఇక్కడ మనవారి లెక్క ఒకటి చెప్పవలెను. ఎండలో బ్రతికే మనకు డి విటమిను కొరత ఎక్కడిది అని మేమును అనుకొన్నాము. తిరుపతి వైద్యులు ఆ పట్టణములోను చుట్టు పల్లెలలోను ఆరోగ్యముగా ఉన్నవారి రక్తము పరీక్షించి 2008లో ప్రకటించినారు. పల్లె మగవారిలో నూటికి 44 మందికి, పల్లె ఆడవారిలో నూటికి 70 మందికి కొరత. పట్నపు మగవారిలో 62, ఆడవారిలో 75. పల్లె ఆడవారిలో సరిపడ ఉన్నవారు నూటికి ఒక్కరే! ఇది చదివి మేము ఆ రాత్రి చాల సేపు ఆలోచించినాము. దీనిలో రెండు పాఠములు ఉన్నవి. మొదటిది, మన ఆడవారికి కొరత నిజమే. రెండవది, కొరత ఒక్కటే ఎం.ఎస్.కు కారణమైతే వర్ని, మోస్రా, బోధన్ ప్రాంతములలో వీధికి పది మంది ఉండవలసినది. లేరు గదా. "నీకు వచ్చింది డి విటమిను తక్కువై వచ్చింది, గంతే" అని సహోదరికి చెప్పిన బంధువు మాట ఇక్కడనే కూలిపోవుచున్నది.

కొరత ఎందుకు? చర్మములో ఉండు ఒక కొవ్వు పదార్థము మీద ఎండలోని అతినీలలోహిత కాంతి పడినప్పుడు డి విటమిను తయారగును. కాలేయములో ఒకసారి, మూత్రపిండములలో ఒకసారి మారి అది పనికి వచ్చు రూపము పొందును. ఆ కాంతి అద్దములో నుండి రాదు, బట్టలో నుండి రాదు. నల్లని చర్మమునకు అదే మోతాదు తయారుచేయుటకు ఎక్కువ సేపు కావలెను. మన పెద్దలు పొద్దటి లేత ఎండ మంచిదందురు. హాయికి మంచిదే గాని డి విటమినుకు అది చాలదు. మన నీడ మన కంటె పొట్టిగా ఉన్నప్పుడే ఆ కాంతి సరిగా దిగుచున్నదని గుర్తు. నాట్లు వేయు ఆడవారైనను నెత్తి నుండి మడమ దాకా కప్పుకొని పని చేయుదురు. ఇక బీడీలు చేయువారి సంగతి చెప్పనక్కరలేదు. తునికాకు ఎండ తగిలితే పెళుసై చిట్లును గనుక చాట ఒడిలో పెట్టుకొని ఉదయము నుండి చీకటి దాకా నీడలోనే కూర్చుందురు. మన సహోదరి పదునాలుగవ యేట చాట పట్టినది. ఎండ కాయు దేశములో పుట్టి, పదునేడేండ్లు నీడలో గడిపినది.

ఆహారములో సముద్రపు చేపలు, కాలేయము, గ్రుడ్డు పచ్చసొనలో కొంత దొరుకును. మామూలు పాలలో చాల తక్కువ. ఇప్పుడు కొన్ని పాల ప్యాకెట్ల మీద, నూనె ప్యాకెట్ల మీద ఎఫ్ గుర్తు ఉండును. వాటిలో ఏ, డి విటమినులు కలిపి ఉందురు. పెద్దవారికి దినమునకు 600 యూనిట్లు అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పినది.

మరి జబ్బు వచ్చిన తరువాత డి విటమిను ఇచ్చి బాగుచేయవచ్చునా? 2023లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో, మామూలు మందుతో బాటు కొందరికి దినమునకు 5,000 యూనిట్లు, కొందరికి 600 యూనిట్లు ఇచ్చి రెండేండ్లకు దగ్గరగా చూచినారు. జబ్బు తిరుగబడుటలో తేడా లేదు. 2025లో ఫ్రాన్సు వైద్యులు మరొకటి ప్రకటించినారు. జబ్బు మొదటి దశలో ఉండి ఇంక వేరే మందు మొదలుపెట్టని 316 మందిలో సగము మందికి పదునైదు దినములకొకసారి లక్ష యూనిట్లు ఇచ్చినారు. రెండేండ్లలో విటమిను పుచ్చుకొన్నవారిలో నూటికి 60 మందికి జబ్బు మరల కదలినది, పుచ్చుకొననివారిలో 74 మందికి. ఆ కదలిక చాల వరకు స్కానింగులో కనబడినది. మేలు ఉన్నది, కాదనలేము. అయినను పుచ్చుకొన్న వందమందిలో అరువది మందికి జబ్బు ఆగలేదు. ఇది విని ఎవరైనను అసలు మందు మానుకొంటే ఆ ఫ్రాన్సు వైద్యులే తల పట్టుకొందురు. అసలు మందులు దాడుల సంఖ్యను దీనికంటె చాల ఎక్కువగా తగ్గించుచున్నవి.

మన సహోదరి కూడా కొన్నాళ్లు మానినది. ఫోనులో వచ్చిన ఒక వీడియో చూచి, బంధువు మాట విని, ఆరు నెలలకొకసారి సెలైనులో ఎక్కించు మందుకు పోలేదు. అప్పుడే ఈ పొట్లముల కథ నడిచినది.

రక్తపరీక్షలో డి విటమిను తక్కువ ఉన్నదని వైద్యుడు 60,000 యూనిట్ల పొట్లములు వ్రాసినాడు. ఆమె చీటీ పట్టుకొని మా యింటికి వచ్చినది. చీటీ ఇంగ్లీషులో ఉన్నది. మేము చూచి, "ఎనిమిది వారాలు తాగాలమ్మా, రోజొకటి" అన్నాము. చీటీలో ఉన్నది వారమునకు ఒకటి చొప్పున ఎనిమిది వారములు. ఎనిమిది అను అంకె మాత్రము మా కంటికి ఆనినది, మిగిలినది మా తొందర. ఎనిమిది పొట్లములు పుచ్చుకొనవలసినది ఏబది ఆరు పుచ్చుకొన్నది, పైగా ఇంకొక నాలుగు కొని పెట్టుకొన్నది. 4,80,000 యూనిట్లు పోవలసిన చోట 33,60,000 పోయినవి. మందుల దుకాణములో అడిగినన్ని ఇచ్చినారు; అడుగుమన్నది మేమే గనుక వారిని అనుటకు మాకు నోరు లేదు.

ఆ పొట్లములో ఉన్న అసలు విటమిను ఒకటిన్నర మిల్లీగ్రాము, బియ్యపు గింజ బరువులో పదవ వంతు కూడా కాదు. తక్కినదంతయు తీపి పొడి. అంత చిన్నది ఏమి చేయగలదని అనిపించును. బి విటమిను ఎక్కువైతే మూత్రములో పోవును; డి విటమిను కొవ్వులో చేరి నెలల తరబడి నిలిచియుండును. ఎక్కువైనప్పుడు రక్తములో కాల్షియము పెరుగును. ఆమెకు తీరని దప్పిక, మాటిమాటికి మూత్రము, మలబద్ధకము, వాంతులు పట్టుకొన్నవి. కాళ్లలో బలము పోయినది. అందరు ఎం.ఎస్. తిరుగబడినదనుకొన్నారు. ఆసుపత్రిలో కాల్షియము పరీక్షించి సంగతి కనిపెట్టినారు. సెలైను పెట్టి పది దినములు ఉంచుకొన్నారు. మూత్రపిండములు చెడిపోకుండ తప్పినది. మేము ఆమె మంచము దగ్గర నిలువబడి చీటీ సంగతి ఒప్పుకొన్నాము. "మీరు కావాలని అన్నరా అయ్యగారు" అన్నది. ఆమె తల్లి మాత్రము ఆ దినము మాతో మాటలాడలేదు. అదే తల్లి మొన్న పొట్లము పట్టుకొని మరల మా దగ్గరకే వచ్చినది.

అందుచేత పాస్టర్లైన మా తోటి సేవకులకు ఒక మనవి. మన జనులు మందు చీటీ మన దగ్గరకు తెచ్చుట మానరు. చదువు వచ్చినవారమని మన మీద నమ్మకము. దినమునకా వారమునకా అను మాట దొరకువరకు నోరు తెరువకండి. దొరకకపోతే వ్రాసిన వైద్యుని ఫోనులో అడుగండి. ఈ పొట్లము దగ్గర ఈ పొరపాటు మాకు ఒక్కరికే జరిగినది కాదని డాక్టరు గారు అన్నారు. అది విని మాకు ఓదార్పు కలుగలేదు, భయము కలిగినది.

ఎండ సంగతిలో ఇంకొక చిక్కు ఉన్నది. మా సంఘములో ఒక సహోదరుడు మలాకీ గ్రంథము నాలుగవ అధ్యాయము చూపి, సహోదరిని దినమునకు రెండు గంటలు ఎండలో కూర్చుండబెట్టుమన్నాడు. ప్రవక్త అక్కడ మాటలాడినది మన చర్మమును గూర్చి కాదని నెమ్మదిగా చెప్పినాము. అదిగాక ఎం.ఎస్. ఉన్నవారికి వేడి గిట్టదు. తొడుగు ఊడిన నరము శరీరపు వేడి అర డిగ్రీ పెరిగినను సరిగా పని చేయదు. 1890లో ఉథాఫ్ అను జర్మను కంటి వైద్యుడు, శ్రమపడిన తరువాత ఇటువంటి రోగుల చూపు మసకబారి, విశ్రాంతి తీసికొంటే తిరిగి వచ్చుట గమనించినాడు. స్కానింగులు లేని కాలములో అనుమానమున్నవారిని వేడినీళ్ల తొట్టిలో కూర్చుండబెట్టి పరీక్షించెడివారట. మన మే నెలలో మిట్టమధ్యాహ్నము ఆమెను ఎండలో కూర్చుండబెడితే అదే పరీక్ష అగును. కట్టెల పొయ్యి దగ్గర ఆమెకు కన్ను మసకబారి, ముఖము మీద చన్నీళ్లు చల్లుకొంటే తేటపడుట ఇంటివారందరు చూచినారు. అది క్రొత్త దాడి కాదు, వేడి తగ్గగానే పోవును. కాని ఆ సమయములో పడిపోయి దెబ్బ తగిలించుకొనవచ్చును. కనుక ఆమె వరకు విటమిను నోటి ద్వారా, వైద్యుడు చెప్పిన కొలతలో. ఎండ ఆమెకు కాదు, ఇంటిలో మిగిలినవారికి.

మనుమరాండ్ల ప్రశ్నకు జవాబు. తల్లికి ఎం.ఎస్. ఉంటే బిడ్డకు వచ్చు అవకాశము పడమటి దేశముల లెక్కలో నూటికి రెండు మూడు. అంటే తొంబదియేడు మందికి రాదు. తల్లి నుండి బిడ్డకు అంటుకొనునది కాదు, ఒకే పళ్లెములో తినవచ్చును, ఒకే చాప మీద పండుకొనవచ్చును. చిన్ననాడే డి విటమిను సరిగా ఉంటే పెద్దయిన తరువాత రాకుండునా? కావచ్చునని 2006 నాటి లెక్క చెప్పుచున్నది. పిల్లలకు ఇచ్చి ఇరువది ఏండ్లు చూచి నిరూపించిన పరీక్ష లేదు. అయినను ఎముకల కొరకైనను పిల్లలకు అది కావలసినదే. దొడ్డికాళ్ల పిల్లలను దీపపు అతినీలలోహిత కాంతితో బాగుచేయవచ్చునని 1919లోనే బెర్లిను వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ చూపినాడు. ఆ పెద్ద పిల్లకు పదకొండేండ్లు. బడి లేని దినములలో అది కూడా చాట పట్టుచున్నది. దానిని బీడీల దగ్గర నుండి లేపి బయట ఆడుకొననిమ్మని ఆ అవ్వతో చెప్పినాము. "నల్లగైతది అయ్యగారూ, పెండ్లెట్లయితది" అన్నది. ఈ మాటకు మేము ఏ గ్రంథములోను జవాబు వెదకలేదు. మా ఇంటావిడ నలుపే, అది చూపినాము. పెద్దమ్మ నవ్వినది.

ప్రార్థన మానుమని మేము ఎవరికిని చెప్పము. హిజ్కియా రాజు ప్రార్థన ఆలకింపబడిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించినాడు. రెండవ రాజులు ఇరువదవ అధ్యాయము చదువుకొనండి. పౌలు తన స్నేహితుడైన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చినాడు. అతనికి విశ్వాసము తక్కువని పౌలు వ్రాయలేదు. మేము ఆమె సాక్ష్యమును చెప్పించిన రెండు ఊళ్లకు ఈ నెలలో మరల పోయి, ఆమె జబ్బు ఇంకా ఉన్నదని, మందు నడుచుచున్నదని, ప్రార్థన చేయవలెనని చెప్పి వచ్చినాము. ఒక ఊరిలో ఎవరును ఏమియు అనలేదు. ఇంకొక ఊరిలో, కూడిక ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు చెట్టు క్రింద ఆగి, తన అక్కకు ఆరు నెలలుగా కాలు తిమ్మిరి ఉన్నదని, ఎవరికిని చెప్పలేదని మెల్లగా చెప్పినాడు. నిజామాబాదుకు పంపినాము.

ఖర్చు సంగతి అడుగువారికి ఒక మాట. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టములో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరుపెట్టి చేర్చినారు. స్కానింగు కాగితములు, వైద్యుని వ్రాత పోగొట్టుకొనక, ధృవపత్రము కొరకు అర్జీ పెట్టుకొనండి. 1985లో స్థాపింపబడిన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో శాఖ ఉన్నది.

నాలుగు పొట్లముల సంగతి డాక్టరు గారినే అడిగినాము. కాల్షియము, డి విటమిను మరల పరీక్షించి, నిల్వ తగ్గి మామూలుకు వచ్చినదని చూచి, నెలకు ఒకటి చాలునన్నారు. ఏ దినము అన్నది గుర్తుండుటకు పెద్దమ్మయే ఉపాయము చెప్పినది: నెలలో మొదటి ఆదివారము, ప్రభు బల్ల దినము. ఆ దినము సహోదరి చేతికర్ర పట్టుకొని నడిచి వచ్చి వెనుక వరుసలో, ఫ్యాను క్రింద కూర్చుండును. ఆరాధన ముగిసిన తరువాత తల్లి పొట్లము చింపి పాలలో కలిపి ఇచ్చును, ఖాళీ పొట్లము తెచ్చి మా చేతిలో పెట్టును. ఇప్పటికి ఒకటి అయినది. ఇంక మూడు ఉన్నవి.